కొత్త బండి కింద నిమ్మకాయలు

కువైట్‌లోని సబా అల్ సలేంలో నేను డ్రైవరుగా కుదిరిన సారు, అమెరికా సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ల వయసులో యుద్ధానికి కువైట్ వచ్చాడట. తర్వాత ఇరాక్‌లో లారీలు నడిపాడట. ఇప్పుడు ఇక్కడే ఒక కంపెనీలో, పనిచోట ప్రమాదాలు రాకుండా ఎలా మెలగాలో పాఠాలు చెబుతున్నాడు. మోకాలు సరిగా వంగదు. అయినా రోజూ బండి ఎక్కేముందు, ఇస్త్రీ చొక్కాతో సహా నేలమీద బోర్లా పడుకుని అడుగుభాగమంతా తొంగి చూస్తాడు. ఏం పోయింది సార్ అని అడగాలని నాలుక దురద పెట్టేది.

ఒకరోజు కంపెనీ కొత్త బండి ఇచ్చింది. రాయచోటి వాణ్ణి, నిమ్మకాయలు తొక్కించకుండా కదిలిస్తానా? నాలుగు కాయలకు కుంకుమ పెట్టాను. ఎవరైనా చూసి ఏమంటారోనని ఒక్కోదాన్నీ నల్ల కవర్లో చుట్టి, టేపుతో బిగించి, టైర్ల కింద దోపాను. వర్జ్యం పోవడానికి ఇంకా పావుగంట ఉంది. సారు మేడ దిగేలోపు తొక్కించెయ్యొచ్చులే అని, నా తెలివికి నేనే మురిసిపోతూ పక్కసందులో టీకి వెళ్లాను.

టీ సగం తాగానో లేదో మా బిల్డింగ్ వాచ్‌మన్ ఫోన్. కడప వాడు.

"రేయ్, యాడుండావురా? మీ సారు ఈపొద్దు ముందే దిగినాడు! బండి కింద బాంబులుండాయని బిల్డింగంతా ఖాళీ చేపిస్తాండాడు!"

"నాలుగా?" అన్నాను.

"నీకెట్ల తెల్సురా?"

ఒకటే పరుగు. వీధిలో జనం. నైటీల్లో ఆడవాళ్లు, గడ్డానికి సబ్బునురగతో ఒకాయన, చంకలో పిల్లితో ఒక ముసలమ్మ. సారు ఒక చెయ్యి చాచి ఎవరినీ ముందుకు రానివ్వడం లేదు. ఇంకో చేత్తో పోలీసులకు ఫోన్ చెయ్యబోతున్నాడు. వాళ్లొస్తే నా పని ఖలాస్. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఈ ఉద్యోగానికి మారి నెల కూడా కాలేదు, ఉద్యోగం ఊడి ఊరికి పంపేస్తారు. పాడు నవ్వు మాత్రం ఆగి చావదే!

ఆయన చేతి కిందనుంచి దూరి బండి దగ్గరికి ఉరికాను. "ఆగు! ఆగు!" అని అరుస్తూ, ఆ కుంటికాలితోనే నా వెనక పరుగెత్తుకొచ్చి నా కాలరు పట్టి లాగాడు. అప్పటికే ఒకదాన్ని లాగి కవరు చింపేశాను.

"నిమ్మకాయ సార్. మా ఆచారం. మీకేం కాకూడదని."

ఆయన కాయను వాసన చూశాడు. అక్కడే నేలమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ కూలబడ్డాను. వీధి వీధంతా నవ్వింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని అన్నాడు:

"నా బండి కింద చాలామంది చాలా పెట్టారు బ్రదర్. నేను బతకాలని పెట్టింది నువ్వొక్కడివే."

అది బాంబే అనుకుని కూడా నాకోసం దాని దగ్గరికి వచ్చాడీయన. నా ఉద్యోగం సంగతేంటి సార్ అని అడగబోయాను. ఆయన ఆ కాయను తన చేత్తోనే మళ్లీ టైరు కింద పెట్టి, బండెక్కి, "యల్లా, పోనియ్" అన్నాడు.