రెండు టర్న్‌టేబుళ్ల మధ్య శోభారాణి

శోభారాణి రేడియోలో అనౌన్సర్‌గా చేరినప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్లు. కాశిబుగ్గలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగింది. బయటి శబ్దం ఏదీ చొరబడని స్టూడియోలో మొదటిరోజు చెవులు మూసుకుపోయినట్టయింది. సీనియర్ రాంచందర్ ఆమెను రెండు టర్న్‌టేబుళ్ల మధ్య కూర్చోబెట్టి పని నేర్పాడు. ఒకదాని మీద పాట తిరుగుతుండగానే రెండోదాని మీద రికార్డు పెట్టాలి. పాట మొదలయ్యే గాడిలో ముల్లు ఆనించి, రికార్డును అరచుట్టు వెనక్కి తిప్పి వేలితో పట్టుకోవాలి. తన మాట ముగియగానే వేలు తీయాలి.

"ఆగమాగం కాకు బిడ్డా. నీ మాట ఒడిసినంక ఒక్క ఊపిరి ఆగి పాట ఇడువాలె," అనేవాడు.

అది కుదిరిన రోజు ఆమె ఇంటికి నవ్వుకుంటూ పోయేది. ఓసారి ముల్లు గాడిలో చిక్కుకుని రికార్డు ఒకే మాటను పదిసార్లు పాడింది. ఆమె శ్రోతలకు క్షమాపణ చెప్పుకుంది. వారం తిరక్కుండా ఎనుమాముల మార్కెట్ హమాలీల నుంచి కార్డు వచ్చింది: "పదిసార్లూ మేం గూడ పాడినం."

ఇప్పుడామెకు యాభై ఎనిమిది. పాటలు కంప్యూటర్ వేస్తుంది. ఆమె ప్రకటనలు కూడా ముందే రికార్డు చేసి పెడుతున్నారు. డ్యూటీ అంటే ఆరు గంటలు తెర వంక చూస్తూ కూర్చోవడం, అది ఆగిపోతే ఒక బటన్ నొక్కడం. నాలుగేళ్లలో రెండుసార్లు ఆగింది. మానేద్దామంటే ఆమెకు ఇంకో పని రాదు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మంచినీళ్లు తెచ్చుకుందామని లేస్తే తలుపు తెరుచుకోలేదు. గట్టిగా లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది. సెల్‌ఫోన్ నిబంధన ప్రకారం బయట బల్ల మీదుంది. ఇంటర్‌కం చేస్తే అవతల మోగుతున్నా ఎత్తేవాళ్లు లేరు. తలుపు బాదింది, అరిచింది. కంప్యూటర్ పాట తర్వాత పాట వేసుకుంటూ పోతోంది. మధ్య మధ్య ఆమె గొంతే హాయిగా "శ్రోతలకు నమస్కారం" అంటోంది. తాను ఇక్కడే పడి చచ్చినా ఆ గొంతు సాయంత్రం దాకా నమస్కారం చెబుతూనే ఉంటుందనిపించింది.

టర్న్‌టేబుళ్ల రోజుల్లోనూ ఆమె ఈ గదిలోనే గంటలకొద్దీ ఉండేది. అప్పుడు తలుపు సంగతే గుర్తుండేది కాదు. పాట అయ్యాక ముల్లు తీయడం మరిచిపోతే రేడియోలో గరగరమనేది. అది వినగానే పక్కగదిలోంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు.

గంట గడిచింది. అనుమతి లేకుండా రేడియోలో నేరుగా మాట్లాడకూడదని ఆదేశం. ఆమె పాట ఆపి మైకు తెరిచింది.

"నేను శోభారాణిని. ఇది రికార్డింగ్ కాదు. స్టూడియో తలుపు తెరుసుకోక లోపల చిక్కుకున్న. ఎవరన్న జర స్టేషన్ కాడికొచ్చి వాచ్‌మన్‌కు చెప్పుండ్రి."

ఇరవై నిమిషాలకు తలుపు ఊడదీశారు. వాచ్‌మన్ వెనక, రోడ్డు మీద రేడియో పెట్టుకుని సోడాబండి నడిపే మొగిలమ్మ నిలబడి ఉంది.

"నిజంగనే లోపలున్నవా అక్కా? ఇన్నేండ్లు మిషినే మాట్లాడుతాందనుకున్న," అంది.

శోభారాణి ఆమె భుజం పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు సంజాయిషీ అడిగారు. "తలుపు తెరుచుకోనందున మాట్లాడాను" అని రాసిచ్చింది. తలుపు బాగుచేయించారు. మళ్లీ అదే తెర, అవే ఆరు గంటలు. ఆమె తలుపు మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టడం చూసి, బయటి శబ్దం లోపలికొస్తుందని ఇంజినీరు కోప్పడ్డాడు.

"మైకు ఎట్లాగూ బందే ఉంటది గద సార్. శబ్దమొస్తె ఎవరు ఇంటరు?"

అతను కుర్చీ పక్కకు జరిపి, తలుపు మూసి వెళ్లిపోయాడు.