మంగళవారం పొంగిన జుట్టు

ఇయ్యాల మా పక్కింటి లక్ష్మమ్మ కోడలు సుజాతను జుట్టు పట్టి వాకిట్లకు ఈడ్చింది. కారణం, హైదరాబాద్ నుంచి సుజాత అక్క పంపిన పొడి షాంపూ డబ్బా. నీళ్లు అక్కర లేదు, జుట్టు మీద కొట్టుకొని దువ్వుకుంటే చాలు. పిల్ల దువ్వుకున్నది, జుట్టు పొంగింది. కోడలు మంగళవారం తలకు పోసుకున్నదనుకున్నది అత్త. పోసుకుంటే మొగనికి కీడని మా దిక్కు పట్టింపు. మా నాయనమ్మ ముసల్దైతే ఆ రోజు కుంకుడుకాయల పేరు కూడ ఎత్తకపోయేది. పైగా లక్ష్మమ్మ కొడుకు పొద్దున్నే టేకు దుంగల కోసం లారీ తోలుకొని అల్లపల్లి అడివికి పోయిండు.

"నా కొడుకును లారీ కింద పెడ్తవానే?" అనుకుంట గరిటెతోని బాదుతున్నది. అడ్డం పోతే నాకూ రెండు పడ్డయి. సుజాత నుదురు పగిలి నెత్తురు కారుతున్నది.

"నీ పిడికిట్ల ఊడొచ్చిన వెంట్రుకలున్నయి గదా అత్తమ్మా, తడి ఉన్నదేమో చూడు" అన్నది.

లక్ష్మమ్మ పిడికిలి తెరిచింది. తెల్ల పొడి రాలింది. ఇగ గరిటె లేవలేదు.

సాయంత్రం కొడుకు మంచిగనే తిరిగొచ్చిండు. పెండ్లాం నుదుటి కట్టు చూసి ఏమైందన్నడు.

"జారి పడ్డది బిడ్డా" అన్నది తల్లి.

"అవు, అత్తమ్మ గరిటె మీద పడ్డ" అన్నది సుజాత.

వాడు తిరిగి, వాకిట్ల నిలబడ్డ నా మొఖం చూసిండు. నేను ఇంటికొచ్చి ఇది రాస్తున్న. మీరైతే వానికేం చెప్తుండె?