కాటా నిలబడేదాకా

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు మీద ఒక లారీల కాటాలో నేను ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. నాపరాళ్ల లారీలు, చిలమకూరు వైపు నుంచి సిమెంటు లారీలు, పులివెందుల నుంచి అరటిగెలలు, చీనీకాయల లారీలు వచ్చి ఇనుప పలక మీద నిలబడతాయి. గదిలో కూర్చుని తెర మీద అంకె చూసి చీటీ ఇస్తాను. నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం పాత చీటీల వెనక హెచ్చవేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను.

ఈ పని మనిషికి అనుమానం నేర్పుతుంది. ముందు చక్రం పలక అంచుకు అవతల నిలిపేవాడు ఒకడు. ఖాళీ బండి తూకం ఎక్కువ రావాలని క్లీనర్లిద్దరినీ క్యాబిన్‌లో పడుకోబెట్టేవాడు ఇంకొకడు. అందుకే అంకె కనిపించగానే రాయను. లేచి కిటికీలోంచి చక్రాలు చూస్తాను, ఇంజను ఆపమంటాను, డ్రైవరును దిగమంటాను. తెర మీద అంకె ఎగిరీ దూకీ చివరికి ఒక చోట నిలబడుతుంది. అప్పుడు రాస్తాను. కాటా నిలబడేదాకా కలం ముట్టకూడదన్నది నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పిన మాట.

కరోనా వచ్చిన ఏడాది ఈ అనుమానం కాటా దాటి బయటికి వచ్చింది. రోజూ పేపర్లో పోయినవాళ్ల అంకె ఒకటి వచ్చేది. మా వీధిలోనూ పక్క వీధిలోనూ నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్న అంకె ఒకటి ఉండేది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసేవాణ్ని. అవి ఎందుకు పొసగలేదో, అసలు పొసగాలో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ అప్పటి నుంచి ఆరోగ్యం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా, ఫోన్లో ఏ సందేశం వచ్చినా, దీని వెనక క్యాబిన్‌లో ఎవరు పడుకున్నారా అని చూడటం అలవాటైంది.

ఆ కళ్లతోనే ప్రొద్దుటూరు డాక్టరును కూడా చూశాను. ఏడాది పైచిలుకు కిందట మా ఆవిడకు తల దిమ్ముగా ఉందంటే తీసుకుపోయాము. బీపీ నూట అరవై నాలుగు అన్నాడు. రోజుకొక గోళీ, జీవితాంతం అన్నాడు. మందుల అంగడి ఆయన గది గోడకే ఆనుకుని ఉంది. నాకు ఆ గోడ నచ్చలేదు. మా ఆవిడ మాత్రం మారుమాట లేకుండా గోళీ మింగింది. పులివెందులలో వాళ్లమ్మ ఇదే బీపీతో ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయి ఆరేళ్లు మంచంలో ఉంది. ఆ ఆరేళ్లూ వంతులవారీగా పోయి అన్నం తినిపించి వచ్చిన మనిషి మా ఆవిడ.

అప్పటి నుంచి మా వార్డు నర్సమ్మ నెలకొకసారి ఇంటికి వచ్చి, చేతికి పట్టా కట్టి, రబ్బరు బుడ్డి ఒత్తి, చూసిన అంకెలు ఒక కార్డులో రాసిపోయేది. నేనూ ఒక మిషన్ కొన్నాను, మీట నొక్కితే తెర మీద అంకె వచ్చేది. రోజూ పొద్దున కాఫీకి ముందు మా ఆవిడకు నేనే పట్టా కట్టి మీట కొట్టి నోటుబుక్కులో రాసేవాణ్ని. నా బుక్కులో ఒక్క రోజు కూడా నూట నలభై దాటలేదు. ఇంత బాగా ఉన్నదానికి నిండు గోళీ ఎందుకనిపించింది. బ్లేడుతో సగం చేశాను. మా ఆవిడ ఆ సగమే మింగింది. పెళ్లైన నాటి నుంచి మా ఇంట్లో అంకెల మాట నాదే.

మూడు నెలలు గడిచాయి. ఒక రోజు నర్సమ్మ వచ్చి నూట అరవై ఆరు అంది. పొద్దున నా మిషన్ నూట ముప్పై ఎనిమిది చూపించింది. అప్పుడు ఆమె కార్డును నేను మొదటిసారి సరిగ్గా చూశాను. పన్నెండు నెలలు, నెలకు పైదొకటి కిందిదొకటి, మొత్తం ఇరవై నాలుగు అంకెలు. ఇరవై నాలుగూ సరి సంఖ్యలే. ఒక్క బేసి లేదు.

ఆ సాయంత్రం కాటాలో బండ్లు లేనప్పుడు చీటీ వెనక ఇరవై నాలుగు రెళ్లను వరుసగా హెచ్చవేశాను. కోటి అరవై ఏడు లక్షల డెబ్బై ఏడు వేల రెండు వందల పదహారు. నాణెం ఇరవై నాలుగు సార్లు ఎగరేస్తే అన్నిసార్లూ బొమ్మే పడటం అన్ని తడవల్లో ఒక్కసారి జరిగే పని. అంటే ఈమె కొలవడం లేదు, నోటికొచ్చింది రాసుకుపోతోంది. పొరుగింటి కార్డూ అడిగి తెచ్చుకున్నాను. అందులోనూ అన్నీ సరి సంఖ్యలే. దొంగ దొరికాడన్న సంతోషం, నిజం చెప్పాలంటే, నాకు కలిగింది. ఇక ఆ సగం గోళీ కూడా మానిపిద్దామనుకున్నాను. అయితే ఆ ముక్క నర్సమ్మ ముందరే చెప్పి మానిపించాలన్నది నా పంతం.

తర్వాతి నెల ఆమె వచ్చేసరికి నేను సెలవు పెట్టుకుని కూర్చున్నాను. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. గడపలో చెప్పులు విడుస్తూనే నవ్వింది.

"ఏం మామా, ఈ పొద్దు కాటాకు పోలా?"

"నీ కోసమే ఉండాను. ఈ కార్డులో అంకెలు యాడివమ్మా?"

"యాడివేంది? అత్త చేతిలోవే."

చీటీ తీసి లెక్క చూపించాను. ఆమె కోటి అరవై ఏడు లక్షల దాకా ఓపికగా విన్నది. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ కూడా విన్నది. నేను ముగించాక నర్సమ్మ సంచిలోంచి తన మిషన్ తీసి, గుండ్రటి గడియారం లాంటి ఆ ముఖాన్ని నా చేతిలో పెట్టింది.

"నూట ఇరవైకీ నూట నలభైకీ నడమ గీతలెన్నుండాయో ఎంచు మామా."

కళ్లజోడు సర్దుకుని ఎంచాను. ఇరవై ఉండాల్సిన చోట పది. గీతకూ గీతకూ నడుమ రెండు.

"ముల్లు ఏ గీత కాడుంటే అది రాస్తా. ఈ మిషన్లో బేసి అంకె ఉంటేనే గదా రాసేది?" అంది. "మా ఇంటాయన బండల లారీ తోలతాడు. మీ కాటా చీటీలు మా ఇంట్లో మేకుకు వేలాడతాండాయి. అన్నీ చివర సున్నానే. ఇరవై రెండేండ్లలో ఏడో తొమ్మిదో ఒక్కసారన్నా వచ్చినాదా? మామ కూర్చోని కాకిలెక్క రాస్తాండాడని నేనెప్పుడన్నా అన్నానా?"

మా కాటా పది కిలోలకు తక్కువ చూపించదు. పదుల్లోనే ఎక్కుతుంది, పదుల్లోనే దిగుతుంది. కొలిచే సాధనం ఎంత సన్నగా కొలవగలదో ముందు తెలుసుకోవాలన్నది మా పనిలో అక్షరాభ్యాసం లాంటిది. అది ఆమె నాకు చెప్పాల్సి వచ్చింది.

"సరేలే," అన్నాను. "మరి నా మిషన్‌కీ నీ మిషన్‌కీ అంత తేడా యాల?"

"నీ బుక్కు ఇయ్యి చూద్దాం."

ఇచ్చాను. ఆమె పేజీలు తిప్పింది. నూట ముప్పై ఎనిమిది, నూట ముప్పై ఆరు, నూట ముప్పై తొమ్మిది, నూట ముప్పై ఏడు. తిప్పేకొద్దీ నవ్వు తగ్గింది.

"ఇంత బుద్ధిమంతురాలైన బీపీ నేను ఏ ఇంట్లో చూళ్ళా. ఒక్కదినం కూడా గీత దాటలేదే! ఎన్ని తూర్లు కొడ్తావు మామా?"

"నిలబడేదాకా."

"నిలబడేదేంది?"

జవాబు మా ఆవిడ చెప్పింది. "మొదట నూట అరవై ఏదో వస్తాదమ్మా. ఇంకా నిలబల్లా అంటాడు. రోంతసేపు గమ్మున కూర్చోమని మళ్ళా కొడ్తాడు. నాలుగు తూర్లు, ఐదు తూర్లు. నా చెయ్యి తిమ్మిరెక్కుతాది. నూట నలభై లోపల వస్తే, ఆ ఇప్పుడు నిలబడింది అని రాసుకుంటాడు."

"నువ్వు చెప్పద్దా అత్తా?"

"ఆయప్ప లెక్క తప్పుతాదని ఎవురనుకుంటారు?"

నర్సమ్మ బుక్కు పక్కన తన కార్డు పెట్టింది. గోళీ మొదలుపెట్టిన తర్వాత అంకె నెలనెలా కొంచెం కొంచెం దిగి నూట ముప్పై ఎనిమిది దాకా వచ్చింది. తర్వాత నలభై ఎనిమిది, యాభై ఎనిమిది, అరవై ఆరు. "ఈ నెల నుంచి ఏం మారింది?" అని వేలు పెట్టింది. నేను బ్లేడు పట్టుకున్న నెల అది. నెల రోజులుగా ఆ కార్డును నేను ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ చదివాను. సరా బేసా అని చివరి అంకెలే చూశాను. అవి ఎక్కుతున్నాయని చూడలేదు.

"ఒగతూరి కాదు, రెండు తూర్లు కొట్టు, తప్పులా. కానీ రెండూ రాయి. నచ్చింది ఏరుకోగాకు," అని చెప్పి, మా ఆవిడకు పట్టా కట్టింది. నూట డెబ్బై రెండు. ఆ పొద్దే ప్రొద్దుటూరు పోయి రమ్మంది.

బస్సులో మా ఆవిడ కిటికీ వైపు కూర్చుంది. ఎడమ చేతి వేళ్లు ముడుస్తూ, విప్పుతూ ఉంది. వాళ్లమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా అలాగే చేసుకునేది.

కాటాలో తెర నిలబడేదాకా నేను ఎదురుచూస్తానన్నది నిజం. కానీ అక్కడ ఎక్కువైనా తక్కువైనా నిలబడింది రాస్తాను. ఇంట్లో, తగ్గినదాన్నే నిలబడింది అనుకున్నాను. లారీవాళ్లందరి చక్రాలూ కిటికీలోంచి చూసిన మనిషిని, నా చక్రం పలక మీద ఉందో లేదో చూసుకోలేదు. దీన్ని మోసమంటారో భయమంటారో నాకు తెలియదు. ఆమెకు ఏమీ కాకూడదని నేను మీట నొక్కిన ప్రతిసారీ ఆమెకు ఏదో అయ్యే రోజు దగ్గర పడుతూ వచ్చింది.

డాక్టరు నా బుక్కు తెరిచి, ఒక పేజీ చూసి, మూసి నా వైపు తోశాడు. నిండు గోళీ మళ్లీ రాశాడు, దానికి తోడు ఇంకొకటి రాశాడు. గోడ ఆనుకుని ఉన్న అంగట్లోనే కొన్నాను. ఆ గోడ నాకు ఇప్పటికీ నచ్చదు.

మరుసటి రోజు పొద్దున మా ఆవిడ కలం తన దగ్గరికి లాక్కుంది.

"నువ్వు కాటా కాడ రాసుకో. ఈడ నేను రాసుకుంటా."

రెండు నెలలుగా ఆమే రాస్తోంది. రోజుకు రెండు అంకెలు, ఎక్కువా తక్కువా అన్నీ వంకర రాతతో. ఇప్పుడు చాలావరకు నూట ముప్పైల్లో, నలభైల్లో ఉంటున్నాయి. మొన్న వరుసగా రెండు రోజులు ఒకే అంకె కనిపిస్తే అడగబోయి నోరు మూసుకున్నాను. ఆమె కనిపెట్టింది.

"నా మీద గూడా అనుమానమేనా? అది సరే గానీ, నీది ఎప్పుడన్నా కొట్టుకున్నావా?"

కొట్టుకోలేదు. యాభై రెండేళ్లు. మిషన్ కొన్నది నేను, నా చేతికి ఒక్క రోజు కట్టుకోలేదు. ఆమె నా చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టా బిగించి మీట నొక్కింది. అంకె ఎగిరింది, దిగింది, ఆగింది. నూట యాభై మూడు.

"ఇంకా నిలబల్లా," అన్నాను. "ఇప్పుడే మెట్లెక్కి వచ్చినా. ఇంకోసారి కొట్టు."

"కొడ్తా," అంది మా ఆవిడ, బుక్కులో కొత్త పేజీ తిప్పి. "మొదటిది రాయనీ."