ఒక్క తూటాకు నలభై నిమిషాలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ పిలుపు వచ్చిందంటే మా కాలేజీ మూతపడేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికున్న గదిలో నలుగురం చాప మీద కూర్చుని కథల ఆట ఆడేవాళ్లం. కథ చెప్పేది నేను. మిగతా ముగ్గురూ అందులోని మనుషులు. వాళ్లేం చేస్తారో చెబితే, అది జరిగిందో లేదో పాచిక తేల్చేది.

కథలోకి తుపాకులు రావడంతో నాకు తిప్పలు మొదలయ్యాయి. మా గుంటూరు రూమ్మేటుకు ఒక్క పాచిక సరిపోలేదు. "నిజంగా కాలిస్తే అలా ఉండదు కదరా" అంటూ నోటుబుక్కు నిండా నియమాలు రాసుకొచ్చాడు. దూరానికో పట్టిక, గాలికో పట్టిక, తూటా ఒంట్లో ఎక్కడ దిగిందో చెప్పడానికి ఇంకోటి.

ఒక బంద్ రోజు కథలో, పెద్ద అంబర్‌పేట్ దగ్గరి గోదాములో దొంగ దాక్కున్నాడు. మావాడు ఒక్కసారి కాల్చాడు. క్యాలిక్యులేటరు పట్టుకుని లెక్కలు కట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా ఒకడు గోడకానుకుని నిద్రపోయాడు.

"గోదాం లోపల గాలి ఏందిర?" అని అరిచాను.

"కిటికీ ఉందని నువ్వేగా చెప్పావ్."

నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

మా అరుపులకు కింద వాటాలో ఉండే ఇంటాయన పైకొచ్చాడు. రిటైరైన కానిస్టేబుల్. "ఏంది గీ లొల్లి?" అన్నాడు. తూటా తగిలిందో లేదో తేల్చడానికి ఒక్క పాచిక చాలా, ఇన్ని పట్టికలు కావాలా, మీరే తీర్పు చెప్పండని ఇద్దరం ఆయన మీద పడ్డాం.

ఆయన గడప మీద కూర్చున్నాడు. "సర్వీసు మొత్తంల ఒక్కసారే మనిషి మీదికి పేల్చిన. కండ్లు మూస్కున్న. తెరిస్తే ఎదురుంగ ఎవ్వడు లేడు. తగిలిందో, ఉరికిండో ఇప్పటికీ తెల్వది. వారం దినాలు అన్నం సయించలే."

నేను వెంటనే మావాడి వైపు తిరిగాను. "ఇన్నవా? కాల్చినోనికే తెల్వలే. గందుకే ఒక్క పాచిక చాలు!"

మావాడు అప్పటికే పెన్ను తీశాడు. "కళ్లు మూసుకుంటే గురిలో ఎంత తగ్గించాలంటావ్? భయానికి అసలు పట్టికే లేదురా మన దగ్గర!"

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీకు బంద్‌లు ఎక్కువైనయ్" అని దిగి వెళ్లిపోయాడు. పెద్దాయన అంత మాట చెబితే, తర్వాత ఏమైందని ఒక్కరమూ అడగలేదు. మావాడి మీద ఉన్న చిరాకులో సగం నా మీదకే తిరిగింది.

మరుసటి బంద్‌కు కథ చెప్పే పని వాడికే అప్పగించాను. ఆ రోజు ఒక్క తూటా కూడా పేలలేదు. వాడి పట్టికల ప్రకారం తుపాకీలో తూటాలు ఎక్కించడానికే రెండు గంటలు చాలలేదు.