కళింగపట్నంలో నీలం వల ముక్కలు

విజయవాడలో రాత్రి రైలెక్కి, తెల్లారి ఏడింటికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాను. పేరు శ్రీకాకుళమే గాని అది ఉన్నది ఆమదాలవలసలో. మొదటిసారి వచ్చేవాళ్ళు ఆటోవాళ్ళ తొందరకు లొంగకండి, బస్సులు వస్తూనే ఉంటాయి. అరసవల్లిలో లాడ్జీ గుమస్తా నన్ను దర్శనానికి వచ్చినవాడనుకుని గది చూపించాడు. ఖాదర్ అని పేరు చెప్పగానే ఇంకోసారి నా మొహం చూశాడు. వేడినీళ్ళు మాత్రం బకెట్ నిండా పంపించాడు. ఈ వయసులో నాకది చాలు.

నాది తనిఖీ పని. సేవాసంస్థలు ఇచ్చామన్నవి జనానికి అందాయో లేదో వెళ్ళి చూసి చెబుతుంటాను. ఈసారి పంపింది విదేశంలో హెడ్డాఫీసు ఉన్న ఒక ముస్లిం సంస్థ. తుపాను తరవాత కళింగపట్నం దగ్గర ఒక మత్స్యకారుల పేటలో కొన్ని ఇళ్ళకు కొత్త వలలిచ్చామని వాళ్ళంటారు. విచారణకు వెళ్ళిన అధికారితో పేటవాళ్ళు మాకెవరూ ఏమీ ఇవ్వలేదన్నారట. అయితే ఆ డబ్బు ఎటు పోయిందన్నది సర్కారు ప్రశ్న. అది తేలేదాకా విజయనగరం తీరంలో మరో పేటకు వెళ్ళాల్సిన వలలు గోడౌన్ దాటవు. అక్కడివాళ్ళకు తుపాను తరవాత వేటే లేదు.

ఇడ్లీ తిని పదింటి బస్సెక్కాను. పక్క సీట్లో పైడమ్మ అనే చేపలమ్మే ఆవిడ, ఖాళీ తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది.

"ఏటి బాబూ, సంద్రం సూడ్డానికొచ్చావా?"

అవునన్నాను. బేరం ఎలా ఉందని అడిగాను.

"కొత్త వలలొచ్చినకాడ్నించి పరవానేదు. సేప పడతన్నాది."

ఏ పేట అంటే, నేను వెళ్తున్న పేటే. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం రైలుకే వెనక్కి పోవచ్చనుకున్నాను.

పేట పెద్ద లచ్చయ్య పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సంస్థ పేరు చెప్పి, వాళ్ళిచ్చిన వలలు చూడాలన్నాను.

"మాకెవులూ ఏటీ ఇవ్వనేదు బాబూ."

ఆయన ఒళ్ళో ఉన్నది పాత ఆకుపచ్చ వల. మధ్యలో కొత్త నీలం ముక్క కుట్టి ఉంది. నా వెనకే వచ్చిన పైడమ్మ తట్ట దించింది.

"అబద్దమెందుకు మావా? నీ సేతిలో ఉన్నదేటి?"

"నువ్వూరుకో, పైడీ," అన్నాడు లచ్చయ్య. వల కుట్టుకుంటూనే నెమ్మదిగా చెప్పాడు. విచారణకొచ్చినాయన అడిగిన మొదటి మాట, ఆ సంస్థవాళ్ళు మీ దేవుణ్ణి మార్చుకోమన్నారా అని.

"మా వల్ల ఆళ్ళకి ఆపదొస్తాదని బయమేసినాది. ఏటీ ఇవ్వనేదంటే ఆళ్ళనొగ్గేస్తారనుకున్నాం."

పేట పేటంతా కట్టుగా అదే చెప్పింది. వెతికినా అధికారికి ఒక్క కొత్త వల కనబడలేదు, ఎందుకంటే వలలు అందిన రోజే వాటిని ముక్కలుగా కోసి ఇంటింటికీ పంచేసుకున్నారు. ఇక్కడ పడవ ఎక్కేవాళ్ళు ఎవరి వల ముక్క వాళ్ళు తెస్తారు. అన్నీ కలిపి కుట్టి ఒకే వలగా వేస్తారు. ముక్క ఉన్న ఇంటికి చేపలో వాటా ఉంటుంది. పైడమ్మ భర్త సముద్రంలో పోయాడు. సంస్థ ఎంచుకున్న ఇళ్ళలో ఆమెది లేదు. అయినా ఆ ఇంటి పేరున ఒక నీలం ముక్క రోజూ వేటకు వెళుతోంది.

ఎంచిన ఇళ్ళకిచ్చినవి ఇలా కోసి పంచుకున్నందుకు నియమం ప్రకారం నేను కోప్పడాలి. కోపం రాలేదు, అలసటే వచ్చింది.

"ఈ మాట ఆఫీసులో చెప్తావా లచ్చయ్యా?"

"సెప్తాను. ఆపీసంటే నాకు బయం. నువ్వు తోడొస్తావా?"

వస్తానన్నాను. పైడమ్మ పెట్టిన చేపల పులుసు అన్నం తిని, రెండింటి బస్సుకి ఇద్దరం శ్రీకాకుళం తిరిగొచ్చాం.

అధికారి మర్యాదస్తుడే. లచ్చయ్యకు కుర్చీ వేయించాడు, అంతా విన్నాడు, మేం పట్టుకెళ్ళిన నీలం ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"ఆవేళ లేదన్నావు, ఇవాళ ఉందంటున్నావు. ఇవాళ ఎవరు చెప్పమన్నారు?" అని నా వైపు చూశాడు. నా పేరడిగాడు. చెప్పాను. రాసుకున్నాడు.

"ఈ బాబు కాదు, నానే వచ్చినాను," అన్నాడు లచ్చయ్య. ఇలాంటి ముక్క ఏ బజార్లోనైనా దొరుకుతుందని అధికారి దాన్ని మా ముందుకు జరిపాడు.

బస్టాండులో టీ ఇప్పించాను. గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగాడు లచ్చయ్య.

"దాసినా తప్పే, సెప్పినా తప్పే. మరేటి సెయ్యాల బాబూ?"

టీ డబ్బులిచ్చి, ఆయన్ని కళింగపట్నం బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన బస్సెక్కి వెళ్ళిపోయాక చాలా బాధపడ్డాను. నేను పక్కన లేకపోతే ఆ నిజం నిలబడేదేమో.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. మీలో ఎవరైనా కళింగపట్నం వెళితే వంశధార సముద్రంలో కలిసే చోటు తప్పక చూడండి. ఒడ్డున ఆరేసిన వలల్లో నీలం ముక్కలు కనిపిస్తాయి. నేను కళ్ళారా చూశాను, కానీ నా చూపు ఇక సాక్ష్యానికి పనికిరాదు.

రైలు విజయనగరంలో ఆగినప్పుడు ఫోను మోగింది. వలల కోసం ఎదురుచూస్తున్న ఆ రెండో పేట పెద్ద, అప్పన్న.

"మా పేటకీ ఎవులో అడగడానికొస్తారంట బాబూ. మమ్మల్నేటి సెప్పమంటారు?"

నిజమే చెప్పండి అనబోయాను. అదీ నేను చెప్పమన్నట్టే అవుతుందని తోచి నోరు మూసుకున్నాను. రైలు కదిలింది. అవతల అప్పన్న ఇంకా, "బాబూ, ఉన్నారా?" అంటున్నాడు.