ఎనభై అయిదులో పడని చెయ్యి

మల్లికార్జున్‌ది జగిత్యాల. కెనడాలోని ఒషావాలో కంప్యూటర్ కోర్సు చదువుతూ, వారానికి మూడు రోజులు గోడౌన్‌లో పెట్టెలు సర్దేవాడు. స్కార్‌బరోలో మేం ఆరుగురం అద్దెకుండే ఇంట్లో బేస్‌మెంట్ గది అతనిది. కోర్సు అయిపోవడానికి నాలుగు నెలలుంది. ఆ తర్వాత గోడౌన్ మానేసి ఫొటోగ్రాఫర్ కావాలని అతని కోరిక. ఆ మాట ఇంటికి ఇంకా చెప్పలేదు.

కెమెరా సెకండ్ హ్యాండ్‌ది, లెన్సులు మార్చుకునే రకం. దానికి మంచి లెన్స్ ఒక్కటి కొనగలడు. పాత కెమెరాల దుకాణంలో రెండు తీసుకున్నాడు. పద్నాలుగు రోజుల్లో నచ్చనిది వాపసు ఇచ్చేయొచ్చు. ఒకటి ముప్పై అయిదు ఎం.ఎం., ఇంకోటి ఎనభై అయిదు. రెండూ ప్రైమ్ లెన్సులే. అంటే జూమ్ ఉండదు, దగ్గరగా కావాలంటే మనిషే నడిచి వెళ్ళాలి. ముప్పై అయిదు పెడితే గదంతా పడుతుంది. ఎనభై అయిదు పెడితే ఒక్క మొహం పడుతుంది, మిగిలిందంతా కరిగిపోతుంది. అతని మనసు ఎనభై అయిదు మీద ఉంది. మా ఇంట్లోనే అద్దెకుండే దేవిశ్రీ ఉల్లిపాయలు కోస్తుంటే దాంతో తీశాడు, ఆ ఫొటో చూసి వాళ్ళమ్మ ఎందుకేడుస్తున్నావని ఫోన్ చేసింది. ముప్పై అయిదును మాత్రం, ఇంటిల్లిపాదీ వరసగా పడతారని, అతను రేషన్ కార్డు లెన్స్ అనేవాడు.

పదకొండో రోజున అమరేశ్వరరావు గారింట్లో మనవరాలు ఇషితకు అన్నప్రాశన. ఆయన రిటైరైన ఇంజినీరు, భార్య సరోజన గారు రిటైరైన డాక్టరు. ఇక్కడి తెలుగువాళ్ళలో ఆయనకు తెలియని ఇల్లు లేదు. ఫొటోలు బాగా వస్తే నలుగురికి చెబుతానని మల్లికార్జున్‌కు మాటిచ్చారు. సంచీ పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను.

పదహారో అంతస్తులో ఇరవై మంది నిలబడితే నిండిపోయే హాలు. పాయసం తినిపించేటప్పుడు మల్లికార్జున్ ముప్పై అయిదుతో తీశాడు. తర్వాత పాప ముందు పళ్ళెం పెట్టారు. పాప ముందుగా దేన్ని ముట్టుకుంటే ఆ దారిలో పైకొస్తుందని నమ్మకం. రావు గారు అందులో ఒక పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు పెట్టారు. చివరి నిమిషంలో సరోజన గారు తన పాత స్టెతస్కోప్ తెచ్చి పుస్తకం పక్కన పెట్టారు. దాని గొట్టం పుస్తకం మీద పడింది. రావు గారు దాన్ని పక్కకు జరిపారు. ఆవిడ మళ్ళీ మునుపటిలాగే పెట్టారు.

"ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, ఫోన్లు లోపల పెట్టండి," అని రావు గారు అందరికీ చెప్పారు. అందరూ పెట్టేశారు.

మల్లికార్జున్ ఎనభై అయిదు బిగించి, పాప మొహం పట్టడానికి వంటింటి గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. పాప ముందుకు వంగింది, చెయ్యి వేసింది. అందరూ ఒక్కసారి మీదికి వంగారు. సరోజన గారు స్టెతస్కోపే అన్నారు. రావు గారు పుస్తకమన్నారు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లి రాధికకు పాప నడినెత్తి తప్ప ఏమీ కనపడలేదు. ఫొటో చూద్దామన్నారు.

ఫొటోలో ఇషిత కళ్ళు ఉన్నాయి. ఒక్కో రెప్పవెంట్రుకా లెక్కపెట్టొచ్చు. మూతి పక్కన పాయసం మెతుకు ఉంది. మెడ కింద నుంచి అంతా పొగ. చెయ్యి ఉండాల్సిన చోట గోధుమరంగు మరక, దాని కింద నల్లటి మరక.

"చెయ్యేదయ్యా?" అన్నారు రావు గారు.

"బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అయితది అంకుల్. ఈ లెన్స్ గొప్పే అది."

"వెనకది పోతే పోనీ. ముందుది కూడా పోయిందేం?"

మళ్ళీ పళ్ళెం పెడదామని ఎవరో అంటే, అలా చేస్తే అది అన్నప్రాశన కాదు, షూటింగ్ అవుతుందని రావు గారు కొట్టిపారేశారు. మల్లికార్జున్ ముప్పై అయిదు బిగించుకున్నాడు. భోజనాలయ్యేదాకా ఆ లెన్స్ తీయలేదు. అందరినీ సోఫా చుట్టూ నిలబెట్టి, గోడకు వీపు ఆనించి గ్రూప్ ఫొటో తీశాడు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో, ఇక తననెవరూ పిలవరని ఒక్కసారి అన్నాడు.

ఫొటోలు పంపిన మర్నాడు, అంటే పదమూడో రోజున, రావు గారు ఫోన్ చేశారు. స్పీకర్‌లో మాకూ వినపడింది. గ్రూప్ ఫొటో అందరూ పెద్దది చేసి ఎవరిని వాళ్ళు వెతుక్కున్నారట. వచ్చే నెల వాళ్ళ చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతం ఉందట.

"గ్రూప్ ఫొటో తీసిన లెన్స్ తీసుకురా, అందరం పట్టేది. మొహం ఒక్కటే పట్టేది వద్దు."

"మరి చెయ్యి పడని ఫొటో డిలీట్ చెయ్యాల్నా అంకుల్?"

"ఎందుకూ? మీ ఆంటీ అప్పుడే దాన్ని ఫ్రేములో పెట్టింది. అందరికీ ఆ నల్ల మరక చూపించి స్టెతస్కోప్ అంటోంది. పుస్తకమని నేనంటున్నాను. కాదనడానికి అందులో ఏముంది?"

పద్నాలుగో రోజు దుకాణానికి వెళ్తూ, వాపసు ఇచ్చేయాల్సిన లెన్స్‌తో బస్ స్టాపులో ఆఖరి ఫొటో తీశాడు. బస్సు కోసం తల తిప్పి చూస్తున్న ఒక పెద్దావిడ. చాలా బాగా వచ్చింది. తర్వాత లెన్స్ విప్పి డబ్బాలో పెట్టాడు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి వాపసు ఫారం ముందు పెట్టుకుని కారణం అడిగింది. లెన్స్‌లో లోపమేమీ లేదన్నాడు. మరి ఏం రాయమంటావంది.

గది చిన్నదని చెప్పాడు. ఆమె ఒకసారి అతని మొహం చూసి, అదే రాసుకుంది.