కొలోన్‌లో కనిపించిన కువైట్

నా భర్త కువైట్‌లో షుఐబా రేవులో కూలీ. నేను కువైటీల ఇంట్లో పనిమనిషిని. 1990 వేసవిలో మామా, అంటే మా యజమానురాలు, తన పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ జర్మనీలో నదిమీద ఓడ ప్రయాణానికి తీసుకెళ్లింది.

కొలోన్‌లో ఓడ ఆగితే, నాలాగే వేరే కువైటీలతో పనికొచ్చిన రాయచోటి ఫాతిమాతో, ఓడలో కలిసిన ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లతో ఊరు చూడబోయాను. ఆకాశాన్నంటే చర్చిని నోరు తెరుచుకుని చూశాం. పక్కన దుకాణం టీవీలో యుద్ధ ట్యాంకులు పోతున్నాయి. సినిమా అనుకుని దగ్గరికెళ్లాం.

"అక్కా, అది మన కువైటే గదా" అంది ఫాతిమా మెల్లగా.

మా ఆయన అక్కడే ఉన్నాడు. టీవీవాళ్ల మాటల్లో ఇరాక్ అన్న మాటొక్కటే అర్థమైంది. ఇరాక్ సైన్యం కువైట్‌లో జొరబడిందని ఓడకు తిరిగెళ్లాక మామా చెప్పింది.

ఇక కువైట్‌కు పోలేమని మామా నన్ను మా ఊరు కడపకు పంపించేసింది. చాలా రోజులకు మా ఆయన జోర్డాన్ మీదుగా, చిక్కి సగమై ఇల్లు చేరాడు. నేను ఏడుస్తుంటే, "జర్మనీ ఎట్లుంటాది మే, చెప్పు" అన్నాడు.

చావు తప్పించుకొచ్చిన మనిషి మొదటగా అడిగిన ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.